మందిరం గుమ్మంలో టీకా సర్టిఫికెట్ అడగవచ్చా?

2022 మే 2వ తేదీన సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును మన సంఘాల్లో రెండు విధాలుగా చెప్పుకుంటున్నారు. డాక్టర్ జాకబ్ పులియెల్ వేసిన వ్యాజ్యంలో జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు, జస్టిస్ బి.ఆర్. గవాయ్ ధర్మాసనం, ఎవరికీ బలవంతంగా టీకా వేయరాదనీ, తన శరీరంపై మనిషికున్న హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలో భాగమనీ చెప్పింది. "చూశారా, విశ్వాసం గెలిచింది" అని టీకా వద్దన్నవారు సాక్ష్యాలు చెబుతున్నారు. "కోర్టు ఏమన్నా, మందిరం మనది, రూలు మనది" అని కొందరు సంఘ పెద్దలు అంటున్నారు. ఈ రెండు మాటలూ తొందరపాటువే అని మా అభిప్రాయం.

ముందు తీర్పులో ఏముందో చూద్దాం. వ్యక్తి హక్కుకు హద్దు లేదని కోర్టు అనలేదు. ప్రజారోగ్యం కోసం ప్రభుత్వం ఆంక్షలు పెట్టవచ్చు. అయితే దానికి చట్టం ఆధారం కావాలి, నిజమైన అవసరం ఉండాలి, ఆంక్ష ఆ అవసరానికి మించకూడదు. టీకా వేసుకోనివారి వల్ల వ్యాధి ఎక్కువగా వ్యాపిస్తుందని చూపే సమాచారాన్ని ప్రభుత్వాలు తన ముందు పెట్టలేదు గనుక, కేసులు తక్కువగా ఉన్న ఆ రోజుల్లో వారిని బహిరంగ స్థలాలకు రానివ్వకపోవడం తగదంది. ప్రైవేటు సంస్థలు కూడా తమ నిబంధనలను తిరిగి చూసుకోవాలని సూచించింది. ప్రభుత్వ టీకా విధానం అసమంజసం కాదనీ, దుష్ఫలితాల వివరాలు ప్రజలకు అందుబాటులో ఉంచాలనీ చెప్పింది కూడా ఈ తీర్పే. సాక్ష్యం చెప్పే సహోదరులు ఈ భాగం ఎందుకు వదిలేస్తున్నారో తెలియదు.

ఇక మన విషయం. అమీర్‌పేటలో సంఘం అంటే ఎవరు? మైత్రీవనం చుట్టూ కోచింగ్ తీసుకుంటూ హాస్టళ్లలో ఉండే పిల్లలు, పంజాగుట్ట షాపుల్లో రోజంతా నిలబడి పనిచేసేవారు, అపార్టుమెంట్లలో ఇంటిపని చేసే అక్కలు, నిమ్స్‌లో రోగికి తోడుగా ఊరి నుంచి వచ్చి ఆదివారం ఉదయం దగ్గర్లో మందిరం ఎక్కడుందని వెతుక్కునేవారు. మొదటి డోసు సొంత ఊళ్లో ఒకరి ఫోన్ నంబరు మీద, రెండోది నగరంలో ఇంకొకరి నంబరు మీద వేయించుకుని, రెండూ వేసుకున్నా పూర్తి సర్టిఫికెట్ లేనివారు వీరిలో ఉన్నారు. గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్న పరిచారకుడు ఫోన్ చూపించమంటే, స్మార్ట్‌ఫోన్ ఉన్న కుటుంబం లోపలికి వెళ్తుంది, ఆ అక్క చెప్పుల దగ్గర ఆగిపోతుంది. బంగారు ఉంగరం పెట్టుకొచ్చినవాడికి మంచి చోటు చూపించి, మాసిన బట్టలవాణ్ణి పక్కన నిలబెట్టే సంఘాన్ని యాకోబు రెండో అధ్యాయంలో ఎలా గద్దించాడో మనకు తెలుసు.

లేవీయకాండము 13ను ఎత్తిచూపేవారూ ఉన్నారు. యాజకుడు చూసి, అంటురోగిని పాళెము వెలుపల ఉంచలేదా అంటారు. మంచి ప్రశ్నే. కానీ యాజకుడు చూసింది పొడను, మచ్చను, అంటే రోగాన్ని. జ్వరం, దగ్గు ఉన్నవారిని ఇంట్లోనే ఉండమని చెప్పడానికి ఆ అధ్యాయం మనకు ఆధారమే. ఆరోగ్యంగా ఉన్న మనిషిని, టీకా లేదన్న కారణంతో ప్రభువు బల్లకు దూరం చేయడానికి కాదు. పైగా 2022 జనవరి ఒమిక్రాన్ అలలో రెండు డోసులు వేసుకున్నవారికీ కొవిడ్ రావడం మనం ఇంటింటా చూశాం. టీకా ప్రధానంగా కాపాడింది ప్రాణాన్ని, ఆస్పత్రి పాలు కాకుండా. అది చిన్న మేలు కాదు; 2021 ఏప్రిల్, మే నెలల్లో వరుసగా సమాధి కార్యక్రమాలు జరిపిన కాపరులకు వేరే చెప్పనక్కరలేదు.

అందుకే టీకా వద్దని బోధించేవారితో మాకు పేచీ. సూదిలో చిప్ ఉందని, ఇదే మృగపు ముద్ర అని చెప్పిన ప్రసంగాలు ఇప్పటికీ వాట్సాప్‌లో తిరుగుతున్నాయి. ప్రకటన 13లో ఆ ముద్ర మృగాన్ని ఆరాధించడంతో ముడిపడి ఉంది. బస్తీ దవాఖానాకు వెళ్లి చేయి చాపినవాడు ఎవరిని ఆరాధించాడు? కోవాక్సిన్ శామీర్‌పేట దగ్గర తయారైంది. 2020 జూలైలో దాని తొలి దశ ప్రయోగాలు జరిగిన కేంద్రాల్లో మన పంజాగుట్ట నిమ్స్ ఒకటి. చీకట్లో పుట్టిన వస్తువు కాదు.

గర్భస్థ శిశువు కణాల గురించిన అభ్యంతరం వేరు, దాన్ని నవ్వి తీసిపారేయకూడదు. కోవిషీల్డ్ తయారీలో 1970ల నాటి ఒక పిండం నుంచి వచ్చిన కణాల సంతతిని వాడారు. కోవాక్సిన్‌కు వాడినవి కోతి మూత్రపిండ కణాలు. మనస్సాక్షి ఒప్పుకోనివారికి మన దేశంలో వేరే దారి ఉండేది. 2020 డిసెంబరులో వాటికన్ ఇచ్చిన వివరణ, వేరే టీకా దొరకనప్పుడు అలాంటిది వేసుకోవడం పాపం కాదంటూనే, టీకా స్వచ్ఛందంగా ఉండాలంది. మనం ప్రొటెస్టెంటులమైనా అందులో నేర్చుకోదగిన సమతూకం ఉంది.

భయపడేవారికి "ఏమీ కాదు" అని హామీ ఇవ్వడం కూడా కాపరి పని కాదు. సెమినరీలో చదివినవారికి జోనాథన్ ఎడ్వర్డ్స్ గుర్తుంటాడు. జెన్నర్ టీకా ఇంకా రాని కాలంలో, మశూచి రసినే ఎక్కించే పద్ధతి ఉండేది. ప్రిన్స్‌టన్ కళాశాల అధ్యక్షుడిగా వచ్చిన కొద్ది వారాలకే ఆయన అది వేయించుకుని, 1758 మార్చి 22న దానివల్లే మరణించాడు. ఆయనది అవిశ్వాసమనీ, దేవుడు శిక్షించాడనీ ఎవరంటారు? నేటి టీకాలు దానికంటే ఎన్నో రెట్లు సురక్షితం. అయినా అరుదుగా హాని జరుగుతుంది. ఆ మాట దాచకుండా చెప్పి, లెక్క చూపించి, తర్వాత వేసుకోమని చెప్పే కాపరినే సంఘం నమ్ముతుంది. దేవుడు బ్రతుకు పొడిగిస్తానన్న తర్వాతే కదా హిజ్కియా పుండుకు అంజూరపు ముద్ద కట్టింది!

మరి నియమమే వద్దా? ఒకచోట కావాలంటాము. ఆరాధనకు వచ్చేవారిని అడగవద్దు, సేవకు వెళ్లేవారిని అడగండి. ఆస్పత్రి వార్డుల్లో ప్రార్థించేవారు, మంచాన పడిన వృద్ధులకు ఇళ్లకు వెళ్లి బల్ల ఇచ్చేవారు, సండే స్కూలు టీచర్లు, అందరికంటే ముందు కాపరి: వీరు టీకా వేసుకుని ఉండాలని సంఘం కోరడం న్యాయమే. ఆరాధన అందరి హక్కు; బలహీనుల మధ్య పరిచర్య మాత్రం బాధ్యత. ఇష్టం లేనివారిని ఇప్పటికి వేరే పనిలో పెట్టవచ్చు, అవమానించకుండా.

మిగతాది చిల్లర పనే, కానీ అదే ముఖ్యం. ఏసీ హాలులో తలుపులు బిగించుకునే బదులు కిటికీలు తెరవండి. ఒకే గిన్నె బదులు చిన్న గిన్నెలు కొనసాగించండి. 2022 ఏప్రిల్ 10 నుంచి 18 ఏళ్లు దాటినవారికి ప్రికాషన్ డోసు ప్రైవేటు కేంద్రాల్లోనే ఇవ్వడం మొదలుపెట్టారు. అప్పట్లో టీకా 225 రూపాయలు, సేవా రుసుము 150 వరకు ఉండేది. హాస్టల్ పిల్లవాడికి అది నాలుగైదు రోజుల భోజనం. 60 దాటినవారికి అప్పుడు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితంగా ఇచ్చేవారు, కానీ వెంట వెళ్లేవారు కావాలి. కానుకల్లో కొంత దీనికి తీయండి. ఆరాధన అయ్యాక ఇద్దరు యువకులను ఫోన్లతో వరండాలో కూర్చోబెట్టి, రెండు ముక్కలైన సర్టిఫికెట్లను కోవిన్‌లో కలిపించండి. గుమ్మంలో వేసిన ఆ కుర్చీ అక్కడికి పనికొస్తుంది.