సమాపక క్రియ లేని జమాఖర్చు



బడిలో 32 ఏళ్ళు సమాపక, అసమాపక క్రియల భేదం చెప్పి విశ్రాంతి పుచ్చుకున్నవాణ్ణి. అదే పాఠాన్ని ఒక సాఫ్ట్‌వేరు ఇంజినీరుకు మళ్ళీ చెప్పవలసి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు. డేటాబేసును దత్తాంశనిధి అనాలని నా చాపల్యం గానీ, అర్థం కావడం ముఖ్యం కనుక వాడుక మాటలే వాడుతాను.

మా విశ్రాంత ఉపాధ్యాయుల పొదుపు సంఘానికి నేను కోశాధికారిని. నా పూర్వ విద్యార్థి ఒకడు ప్రేమతో జావాలో వ్రాసి ఇచ్చిన ప్రోగ్రాముతో లెక్కలు నడుపుతున్నాము. సభ్యులెవరైనా అప్పు వాయిదా కడితే రెండు పనులు జరగాలి. నగదు చిట్టాలో జమ పడాలి, ఆ సభ్యుని ఖాతాలో బాకీ తగ్గాలి. ఒకనాడు చిట్టాలో జమ పడి, రసీదు ముద్రణ అయి, ఖాతా దగ్గరకు వచ్చేసరికి యంత్రం ఆగిపోయింది. మళ్ళీ తెరిస్తే అంతా సవ్యంగానే కనిపించింది.

ఆనాడు 5,000 రూపాయలు కట్టినది, కీర్తిశేషుడైన మా సహోద్యోగి భార్య. మూడు నెలల తరువాత బాకీదారుల జాబితాలో ఆవిడ పేరు వచ్చింది. తాఖీదు మీద సంతకం చేసినవాణ్ణి నేనే. ఆవిడ రసీదు చేతపట్టుకుని మా గుమ్మంలో నిలబడి, "మాస్టారూ, మేము ఎగవేసేవాళ్ళమా?" అని అడిగారు. నాకు నోట మాట రాలేదు.

శిష్యుణ్ణి పిలిచి అడిగాను. జమ వ్రాసే ఫంక్షను తన కనెక్షను తానే తెరిచి, పని ముగించి, తానే మూస్తుందట. ఖాతా దిద్దే ఫంక్షనూ అంతేనట. "దేనికది స్వతంత్రంగా ఉంటే కోడు శుభ్రంగా ఉంటుంది మాస్టారూ" అన్నాడు. జావాలో డేటాబేసుకు కనెక్షను తెరిచినప్పుడు, మనం వేరుగా చెప్పకపోతే, ప్రతి ఆదేశమూ అప్పటికప్పుడే కమిట్ అయిపోతుంది. అంటే వాడి కోడులో ఒక వాయిదా ఒక లావాదేవీ కాదు, రెండు. మొదటిది నిలిచింది, రెండవది పుట్టనే లేదు.

అప్పుడు వాడికి పాత పాఠం గుర్తుచేశాను. "డబ్బు పుచ్చుకొని, చిట్టాలో వ్రాసి, ఖాతాలో తగ్గించి..." అని ఆగితే అది వాక్యమవుతుందా? వినేవాడి ఆకాంక్ష తీరదు. చివర సమాపక క్రియ పడితేనే వాక్యం పూర్తి. కమిట్ అనేది లావాదేవీకి సమాపక క్రియ. మధ్యలో తడబడితే చెప్పినదంతా వెనక్కు తీసుకోవడం రోల్‌బ్యాక్. ఒక్క వాక్యం కావలసినచోట నువ్వు రెండు సమాపక క్రియలు వాడి రెండు ముక్కలు చేశావు నాయనా, అన్నాను.

వాడు తెలివైనవాడు, వెంటనే గ్రహించాడు. ఇప్పుడు "వాయిదా స్వీకరణ" అనే పై ఫంక్షను ఒక్కటే కనెక్షను తెరుస్తుంది, ఆటో కమిట్ ఆపి లావాదేవీ మొదలుపెడుతుంది. క్రింది ఫంక్షన్లు ఆ కనెక్షన్నే పుచ్చుకుని పని చేస్తాయి, కమిట్ మాట ఎత్తవు. అన్నీ సవ్యమైతే పైవాడే కమిట్ చేస్తాడు, ఏది చెడినా పైవాడే రోల్‌బ్యాక్ చేస్తాడు. తెరిచినవాడే మూయాలి. ఇది గ్రంథాలయ నియమమే: తెచ్చిన పుస్తకం తిరిగి ఇవ్వకపోతే కొన్నాళ్ళకు బీరువా ఖాళీ. పోస్ట్‌గ్రెస్‌లో ఎవరూ మార్చకపోతే ఒకేసారి 100 కనెక్షన్లే. మూయడం మరిచిన కోడు వాటిని ఒక్కొక్కటిగా మింగేస్తుంది, ఒక మిట్టమధ్యాహ్నం అందరి తెరలూ బిగుసుకుపోతాయి. కోడు దారి తప్పినా కనెక్షను దానంతటదే మూతపడే వాక్యనిర్మాణం 2011 నాటి జావా 7 నుంచీ ఉంది. వాడకపోవడం బద్ధకమే.

అయితే భయపడ్డవాడు రెండవ కొసకు పోతాడు. మావాడు సభ్యునికి సందేశం పంపడాన్ని కూడా లావాదేవీలోకే చేర్చాడు. సందేశాల సంస్థ జవాబు ఆలస్యమైనంతసేపూ చిట్టా వరుసలకు తాళం పడి, పక్క బల్ల దగ్గరివారికి పని ఆగింది. పైగా డేటాబేసు వెనక్కు మళ్ళవచ్చు గానీ, వెళ్ళిపోయిన సందేశం మళ్ళదు. ఇప్పుడు "సందేశం పంపవలసి ఉంది" అన్న ఒక వరుసను మాత్రం అదే లావాదేవీలో వ్రాస్తున్నాడు. కమిట్ అయ్యాక వేరొక ప్రోగ్రాము దాన్ని చూసి పంపుతుంది.

ఈ విద్యకు పెద్దదిక్కైన జిమ్ గ్రే 1981లో వ్రాసిన పత్రంలో, లావాదేవీ అనే భావన ఒప్పందాల చట్టం నుంచి వచ్చిందని చెప్పి, క్రైస్తవ వివాహాన్ని ఉదాహరణగా చూపాడు. వధూవరుల మంతనాలు ఏళ్ళ తరబడి సాగవచ్చు, ఒప్పుకోలు మాత్రం క్షణంలో పని. మన పెళ్ళిళ్ళూ అంతే కదా! మాటలు నెలల తరబడి, మంగళసూత్రధారణ ముహూర్తంలో. మంతనాలను ముహూర్తంలోకి లాగకూడదు, ముహూర్తాన్ని రెండు ముక్కలు చేయకూడదు.

నా అభిప్రాయం ఇది. ఏయే పనులు కలిస్తే ఒక లావాదేవీ అన్నది సాంకేతిక ప్రశ్న కాదు, అర్థానికి సంబంధించిన ప్రశ్న. దానికి జవాబు కోడులో దొరకదు, చిట్టా వ్రాసే గుమాస్తా దగ్గర దొరుకుతుంది. "ఇందులో సగమే జరిగితే ఎవరికి నష్టం?" అని మావాడు నన్ను అడగలేదు. అడగకుండా వ్రాస్తున్నాడని తెలిసీ నేను చెప్పలేదు. తప్పు ఇద్దరిదీ.

ఆవిడ ఇంటికి వెళ్ళి క్షమాపణ చెప్పుకొని వచ్చాను. కాఫీ ఇచ్చారు. ఖాతా ఒక్క క్షణంలో దిద్దాము. కానీ నేను సంతకం చేసిన ఆ తాఖీదుకు మాత్రం రోల్‌బ్యాక్ లేదు.

ఈ వృత్తిలో ఉన్న మిత్రులు నా మాటలో దోషముంటే నిస్సంకోచంగా దిద్దగలరు.