సాగునీటి పరీక్షలో ప్రాణుల లెక్క ఏది?

సాగునీటి నమూనా ప్రయోగశాలకు చేరినప్పుడు మనం చూసేవి కొన్ని అంకెలు మాత్రమే. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఉపరితల జలాలను వినియోగాన్ని బట్టి ఐదు తరగతులుగా విభజించింది. అందులో చివరిదైన ‘ఇ’ తరగతి వ్యవసాయానికి సంబంధించినది. ఉదజని సూచిక 6.0 నుండి 8.5 మధ్య ఉండాలి. విద్యుత్ వాహకత సెంటీమీటరుకు 2250 మైక్రోసీమెన్‌లకు, సోడియం అధిశోషణ నిష్పత్తి 26కు, బోరాన్ లీటరుకు 2 మిల్లీగ్రాములకు మించరాదు. ఇంతటితో పరీక్ష పూర్తవుతుంది. యంత్రాలను చల్లబరచడానికి వాడే నీరు, నియంత్రిత పద్ధతిలో వ్యర్థాలను వదిలే నీరు కూడా ఇదే తరగతిలో ఉన్నాయన్న సంగతి మన విద్యార్థులలో చాలామంది గమనించి ఉండరు. దీనికి పైనున్న ‘డి’ తరగతి చేపలకు, వన్యప్రాణులకు ఉద్దేశించినది. దానిలో మాత్రం కరిగిన ఆక్సిజన్ లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాములు ఉండాలన్న షరతు ఉంది. అంటే ఒక్క చేప గాని, ఒక్క తూనీగ పిల్లపురుగు గాని బతకని నీరు సైతం సాగుకు యోగ్యమైనదిగా ధ్రువీకరణ పొందగలదు.

ఈ పరీక్ష తప్పని కాదు, అసంపూర్ణమని నా అభిప్రాయం. నేలలో చౌడు పేరుకుంటుందా అన్న ప్రశ్నకు ఈ అంకెలు చక్కని సమాధానమే చెబుతాయి. ఆ నీరు కాలువలో, చెరువులో, వరిమడిలో ఉన్న జీవజాలాన్ని ఏమి చేస్తుందన్న ప్రశ్నను అవి అసలు అడగవు. ఆ ప్రశ్న అడగడానికి నీటి అడుగున, ఒడ్డున బతికే అకశేరుకాలను, అంటే పురుగులు, నత్తలు, ఆల్చిప్పలు, జలగలు, పీతలను లెక్కలోకి తీసుకోవాలి. ఇది అర్థం కావడానికి మారుమూల పల్లెకు పోనక్కరలేదు. హైదరాబాదు నడిబొడ్డున అమీర్‌పేట, పంజాగుట్టల మధ్య నిలబడితే చాలు.

హుస్సేన్‌సాగర్‌కు నీరు చేర్చే నాలాలు నాలుగు: కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్. వీటిలో బంజారా నాలా పంజాగుట్ట ప్రాంతం మీదుగా దిగుతుంది. కూకట్‌పల్లి నాలా సనత్‌నగర్, బేగంపేట వైపు నుండి అమీర్‌పేటకు ఎగువన ప్రవహిస్తుంది. 1562 ప్రాంతంలో ఇబ్రహీం కుతుబ్‌షా కాలాన చెరువు కట్టినప్పుడు దానిని నింపడానికి మూసీ నుండి నీరు తెచ్చినది బల్కాపూర్ కాలువే. నేడు ఆ పేరుతో మనకు కనిపించేది మురుగు. ఈ నాలాలను ఇప్పుడు చాలాచోట్ల సిమెంటు గోడల మధ్య బిగించారు, కొన్నిచోట్ల పైన పలకలు పరిచారు. వరద నివారణకు అది అవసరమై ఉండవచ్చు. కాని అడుగున ఒండ్రు, గులకరాయి, ఒడ్డున తుంగ, నీటిపై వెలుతురు లేనిచోట నాచు పెరగదు, తూనీగ గుడ్లు పెట్టదు, నత్తకు మేత ఉండదు. మురుగు ఆపినా ఆ నాలాలో జీవం తిరిగి రావడానికి చోటు లేదు.

ఈ ప్రాంతానికే ఒక విశేషం ఉంది. ఎర్రమంజిల్‌లోని జలసౌధ నీటిపారుదల శాఖకు కేంద్ర కార్యాలయం. సనత్‌నగర్ పారిశ్రామికవాడలో కాలుష్య నియంత్రణ మండలి కార్యాలయం ఉంది. బేగంపేటలో, 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూసిన భవనం ఉంది. అది నేడు ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో రాస్ పేరుతో సంస్థగా నిలిచి ఉంది. ఈ మూడూ ఐదారు కిలోమీటర్ల లోపలే. ఒకరు నీటి పరిమాణాన్ని చూస్తారు, ఒకరు దానిలో కరిగిన పదార్థాలను చూస్తారు, మూడవ చోట ఒక్క పురుగు చరిత్ర భద్రంగా ఉంది. నగరపాలక సంస్థకు కీటక శాస్త్ర విభాగం ఉన్నది కూడా ఆ ఒక్క పురుగు కోసమే. నీటిలో పుట్టే వందలాది జీవజాతులలో దోమ తప్ప మరేదీ మన పరిపాలన దృష్టికి రాలేదు. మలేరియా, బోదకాలు, డెంగీ చూసిన నగరానికి ఇది సహజమే కావచ్చు. అయితే దోమను కూడా మనం సరిగా అర్థం చేసుకున్నామా?

మురుగునీటిలో సేంద్రియ పదార్థం కుళ్లుతున్నప్పుడు సూక్ష్మజీవులు ఆక్సిజన్‌ను పూర్తిగా వాడేస్తాయి. నీటిలో కరిగిన ఆక్సిజన్‌పై ఆధారపడిన మేఫ్లై పిల్లపురుగులు మొదట పోతాయి, తరువాత తూనీగ పిల్లపురుగులు తగ్గుతాయి. మిగిలేవి రెండు రకాలు. రక్తంలో హిమోగ్లోబిన్ ఉండి కొద్దిపాటి ఆక్సిజన్‌ను సైతం పట్టుకోగల కైరోనోమస్ ఎర్ర పురుగులు, ట్యూబిఫెక్స్ దారపు పురుగులు మొదటి రకం. నీటిలోని ఆక్సిజన్‌తో నిమిత్తం లేకుండా నేరుగా బయటి గాలి పీల్చేవి రెండవ రకం. తోకవంటి పొడవాటి గొట్టంతో శ్వాసించే ఎరిస్టాలిస్ ఈగ పురుగు అలాంటిది. దోమ పిల్లపురుగు కూడా అలాంటిదే. కనుక మురుగు దోమను చంపదు, దోమను తినే తూనీగ పిల్లను చంపుతుంది, దానికి ఎరయ్యే పురుగును కాపాడుతుంది. క్యూలెక్స్ క్విన్‌క్విఫాసియేటస్ దోమకు మన నాలాలు ఇంతగా అచ్చిరావడంలో రహస్యం ఇదే. సాయంకాలం వీధిలో పొగ వదలడం వలన ఎగిరే దోమ పోతుంది, నాలాలో పోయిన వేటపురుగు మాత్రం తిరిగి రాదు. డెంగీ దోమ సంగతి వేరు. దానికి అమీర్‌పేట వసతిగృహాల మిద్దెలపై మూత లేని నీటితొట్టి చాలు.

ఇది నగరవాసుల బాధ మాత్రమే అయితే వ్యవసాయ పత్రికలో రాయవలసిన పని లేదు. హుస్సేన్‌సాగర్ అలుగు నీరు దోమలగూడ, నల్లకుంట మీదుగా పోయి మూసీలో కలుస్తుంది. శుద్ధి చేసిన, చేయని నీరంతా కలిసి నగరానికి తూర్పున కత్వల వెనుక నిలిచి, అక్కడి నుండి కాలువల ద్వారా పొలాలకు పారుతుంది. పీర్జాదిగూడ, పర్వతాపురం, కాచవాని సింగారం పరిసరాలలో పారాగడ్డి, ఆకుకూరలు, ఇంకా దిగువన వరి ఈ నీటితోనే పండుతున్నాయి. అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ శాస్త్రవేత్తలు ఈ మురుగునీటి సేద్యాన్ని చాలాకాలం అధ్యయనం చేశారు. ఎండాకాలంలోనూ ఆగని నీరు కనుక రైతు దీనిని వదులుకోలేడు. వదులుకొమ్మని చెప్పే అధికారమూ మనకు లేదు. పంజాగుట్ట నాలాలో కలిసినది ఏదో ఒక రూపంలో ఆ రైతు మడికి చేరుతుంది. ఆ నీటి విషయమై అతనికి మనం ఇచ్చే సలహా నాలుగు అంకెల వద్ద ఆగిపోవడం న్యాయం కాదు.

వరికి నీటిలో ఆక్సిజన్ ఎందుకు, దాని వేళ్లకు గాలి కాండం లోపలి నుండే అందుతుంది కదా అని సస్యశాస్త్ర మిత్రులు అడుగుతారు. నిజమే, ఆక్సిజన్ వరికి కాదు, వరిమడికి కావాలి. మడి నీటి ఉపరితలంపై నడిచే మైక్రోవీలియా అనే చిన్న నల్లిని చూడండి. సుడిదోమ పిల్లలు దుబ్బు నుండి జారి నీటిపై పడగానే గుంపుగా వచ్చి పీల్చేస్తుంది. తూనీగలు, సూది తూనీగలు గాలిలో చేసే వేటకు ముందు నెలల తరబడి నీటిలోనే పెరుగుతాయి. మడి బురదలోని దారపు పురుగులు నేలను తిరగేస్తూ నత్రజని విడుదలకు తోడ్పడతాయి. సమగ్ర సస్యరక్షణ పాఠంలో సాలీడును, అక్షింతల పురుగును ప్రతి విద్యార్థీ గుర్తిస్తాడు. నీటిలోని మిత్రపురుగును గుర్తించేవారు అరుదు. తెలియని ప్రాణి నష్టాన్ని ఎవరూ లెక్క వేయరు. గుళికల మందు చల్లమని సిఫారసు చేసేటప్పుడు కూడా అది మనకు గుర్తుకు రాదు.

అయితే నీటి అకశేరుకాలన్నీ రైతుకు మిత్రులని చెప్పడం అమాయకత్వం. ఇండోప్లానార్బిస్ నత్త పశువులలో రక్తపు జలగలకు, పొట్ట జలగలకు మధ్యంతర ఆతిథేయి. లిమ్నియా నత్తల ద్వారా కార్జపు జలగ వ్యాధి వస్తుంది. గడ్డి మడులలో ఏ నత్త ఎంత ఉన్నదో తెలిస్తే పాడిరైతుకు జలగల మందు ఎప్పుడు తాగించాలో కచ్చితంగా చెప్పగలం. మంచిదైనా చెడ్డదైనా పురుగును చూసి గుర్తించే విద్య ఒకటే.

ఈ విద్య కొత్తదీ కాదు. నీటిలోని జీవులను బట్టి కాలుష్యాన్ని అంచనా వేసే పద్ధతిని జర్మనీలో కోల్క్‌విట్జ్, మార్సన్‌లు 1908, 1909 సంవత్సరాలలోనే ప్రతిపాదించారు. బ్రిటన్‌లో పురుగుల కుటుంబాలకు ఒకటి నుండి పది వరకు మార్కులు ఇచ్చే విధానం 1970లలో రూపుదిద్దుకున్నది. మన కేంద్ర మండలి కూడా ఈ రెండింటి ఆధారంగా నీటిని స్వచ్ఛం నుండి తీవ్ర కలుషితం వరకు ఐదు మెట్లుగా విభజించే జీవ ప్రమాణాలను రూపొందించింది. ఆ ప్రమాణాలు ఉన్నాయి, అవి ‘ఇ’ తరగతి తలుపు తట్టలేదంతే. రసాయన పరీక్ష ఆ క్షణపు నీటిని చెబుతుంది. ఉదయం పది గంటలకు తీసిన సీసా ముందటి రాత్రి వదిలిన వ్యర్థాన్ని చూడలేదు. తూనీగ పిల్ల నెలల చరిత్రను, ఆల్చిప్ప సంవత్సరాల చరిత్రను మోస్తాయి. ఎర్ర పురుగు నోటి భాగంలోని పళ్ల వరుసను సూక్ష్మదర్శినిలో చూస్తే భారలోహాలు, పురుగుమందుల ప్రభావం వలన ఏర్పడే వైకల్యాలు కనిపిస్తాయి. విద్యుత్ వాహకత మీటరు దీనిని ఎన్నటికీ చెప్పలేదు.

ఆక్షేపణలలో ఒకటి బలమైనది. బ్రిటన్ ఏరుల కోసం తయారైన మార్కులు దక్కన్ చెరువుకు సరిపోవు. చల్లని, వేగంగా పారే నీటిలో ఉండే పురుగు మన నిలవ నీటిలో లేకపోతే అది కాలుష్యానికి రుజువు కాదు. కనుక మన ప్రాంతపు మంచినీరు ఎలా ఉంటుందో ముందు తెలియాలి. 1908 మూసీ వరద తరువాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లు అందుకు దగ్గరి ఉదాహరణలు. 1996లో వెలువడిన 111వ జీవో వాటి చుట్టూ పది కిలోమీటర్ల మేర నిర్మాణాలను కట్టడి చేసింది, 2022లో ఆ ఆంక్షలను తొలగిస్తూ 69వ జీవో వచ్చింది. దాని మంచిచెడ్డల చర్చ ఇక్కడ అప్రస్తుతం. ఒడ్డున భవనాలు లేచిన తరువాత పోల్చుకోవడానికి మనకు నీరు మిగలదని మాత్రం చెప్పక తప్పదు. లెక్కించేదేదో ఇప్పుడే లెక్కించాలి. ఒకసారి అవకాశం చేజార్చుకున్నాం కూడా. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక మట్టి చేలకు చేసిన మేలును మనం ఎంతో శ్రద్ధగా లెక్కగట్టాము. ఆ మట్టితోపాటు ట్రాక్టరులో వెళ్లిపోయిన లామెల్లిడెన్స్ ఆల్చిప్పల ప్రస్తావన నేను చూసిన ఏ పట్టికలోనూ లేదు. నీటిని వడగట్టి తినే ఆ జీవి, పసిదశలో చేప మొప్పలను పట్టుకొని కొన్నాళ్లు గడపనిదే పెరగదు. చేప, ఆల్చిప్ప రెండూ పోయిన చెరువులోకి అది తనంతట తాను తిరిగి రాలేదు.

రెండవ ఆక్షేపణ, గుర్తించేవారు లేరన్నది. జాతి స్థాయిలో గుర్తించడం నిపుణుల పనే. ఆ నిపుణులు మన రాజేంద్రనగర్‌కు పొరుగున, అత్తాపూర్‌లోని భారత జంతుశాస్త్ర సర్వేక్షణ మంచినీటి జీవుల కేంద్రంలోనే ఉన్నారు. కుటుంబం స్థాయి వరకు గుర్తించడం డిగ్రీ విద్యార్థికి వారం రోజుల శిక్షణతో వస్తుంది. అసలు అడ్డంకి భాష అని నాకు తోస్తుంది. తెలుగులో ‘నీటి పురుగు’ అన్న ఒక్క మాటలో ఇరవై కుటుంబాలు మునిగి ఉన్నాయి. జాలరుల వద్ద, గొర్రెల కాపరుల వద్ద వీటికి వేర్వేరు పేర్లు ఉంటాయి. విస్తరణ శాస్త్రవేత్తలు వాటిని సేకరించి బొమ్మలతో చిన్న కరదీపిక వేస్తే, అది ఇంగ్లిషు గ్రంథాలకంటే ఎక్కువ పని చేస్తుంది.

నాలుగవ సంవత్సరంలో గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమానికి పల్లెకు వెళ్లే ప్రతి జట్టూ ఒక చెరువును లేదా కాలువను ఎంచుకొని, ఒకసారి తొలకరికి ముందు, ఒకసారి వానలు వెనకబట్టాక, చేతివలతో పది నిమిషాలు తీసి, తెల్లని పళ్లెంలో పోసి, కుటుంబాల వారీగా లెక్క రాయవచ్చు. ఖర్చు వల, పళ్లెం, భూతద్దం. మట్టి నమూనా పత్రం పక్కనే మరొక పత్రం చేరుతుంది. పోల్చుకోవడానికి నగరంలో మూడు చోట్లు చాలు: ఉస్మాన్‌సాగర్ ఒడ్డు, పంజాగుట్ట వద్ద బంజారా నాలా, పర్వతాపురం కాలువ. నాలా వద్ద మాత్రం పిల్లలను నీటిలోకి దింపరాదు. చేతి తొడుగులు వేసుకొని, పొడవు కర్ర వలతో గట్టుపై నుండే తీయాలి. మన పట్టభద్రులలో ఎందరో ఉద్యోగ పరీక్షల శిక్షణకు అమీర్‌పేటకు వచ్చి, మైత్రీవనం చుట్టుపక్కల ఇరుకు గదులలో ఏడాదో రెండేళ్లో గడుపుతున్నారు. ‘ఇ’ తరగతి ప్రమాణాలను వారు కంఠస్థం చేసేది అక్కడే. వచ్చే మే నెలలో ఒక ఆదివారం ఉదయం వారిలో పదిమందిని పిలిచి, మూడు చోట్ల తీసిన మూడు పళ్లేలను పక్కపక్కన పెట్టి చూపడానికి మా విభాగం సిద్ధంగా ఉంది. అత్తాపూర్ కేంద్రం నుండి ఒకరిని, కాలుష్య మండలి నుండి ఒకరిని కూడా ఆహ్వానించాలని అనుకుంటున్నాము.