కార్లకు పగటి దీపాలు - అమరికలో భద్రత ఎంత?

వాహనం ముందు భాగాన పగలంతా వెలుగుతూ ఉండే డే టైమ్ రన్నింగ్ లైట్లు ఒకప్పుడు ఖరీదైన కార్లకే పరిమితమై ఉండేవి. నేడు మధ్యతరగతి కుటుంబాలు కొనుగోలు చేసే కార్లలో సైతం ఇవి కంపెనీ నుంచే అమర్చి వస్తున్నాయి. ఇవి లేని పాత కార్ల యజమానులు విజయవాడ ఆటోనగర్ మొదలుకొని జిల్లా కేంద్రాల్లోని కారు అలంకరణ సామగ్రి దుకాణాల వరకు ఎక్కడో ఒకచోట ఎల్ఈడీ పట్టీలను బిగించుకుంటున్నారు. కొందరిది భద్రతా దృష్టి, మరికొందరిది అలంకార దృష్టి. దుకాణంలో దొరికే పట్టీకి, ప్రమాణాలకు లోబడి తయారైన దీపానికి మధ్య గల తేడాను ఈ రెండు వర్గాలవారూ తెలుసుకోవలసి ఉంది.

హెడ్‌లైటు చోదకునికి రోడ్డును చూపుతుంది. పగటి దీపం రోడ్డును చూపదు. ఎదుటి నుంచి వచ్చేవారికి వాహనం ఉనికిని తెలుపుతుంది. అందువల్లనే దీని కాంతికి కనిష్ఠ పరిమితితో పాటు గరిష్ఠ పరిమితి కూడా ఉంది. ఐక్యరాజ్యసమితి 87వ వాహన నిబంధన ప్రకారం ఒక్కొక్క దీపం నేరుగా ముందుకు వెదజల్లే కాంతి తీవ్రత 400 క్యాండెలాలకు తగ్గరాదు, 1,200 క్యాండెలాలను మించరాదు. రంగు తెలుపే అయి ఉండాలి. దీపాలు నేల నుంచి 250 మిల్లీమీటర్లకు తక్కువ కాకుండా, 1,500 మిల్లీమీటర్లకు మించకుండా ఉండాలని, రెండింటి మధ్య సాధారణంగా 600 మిల్లీమీటర్ల ఎడం ఉండాలని 48వ నిబంధన నిర్దేశిస్తున్నది. హెడ్‌లైట్లు వెలిగిన వెంటనే ఇవి ఆరిపోవాలన్నది మరో షరతు. బంపరు కింద అతికించిన పట్టీల్లో ఎన్ని ఈ కొలతలకు నిలుస్తాయన్నది సందేహాస్పదమే.

ఈ ఆలోచన ఉత్తర ఐరోపాలో పుట్టింది. శీతాకాలంలో సూర్యుడు క్షితిజానికి దగ్గరగానే ఉండిపోయే ఫిన్లాండ్ 1972లో గ్రామీణ రహదారులపై చలికాలంలో పగలు కూడా దీపాలు వేయడాన్ని తప్పనిసరి చేసింది. స్వీడన్ 1977లో ఏడాది పొడవునా అమలుకు ఆదేశించింది. కెనడా 1990 నుంచి కొత్త వాహనాలన్నిటికీ వీటిని విధించింది. ఐరోపా సమాఖ్యలో కొత్త నమూనా కార్లకు 2011 ఫిబ్రవరి నుంచి, లారీలు, బస్సులకు 2012 ఆగస్టు నుంచి ఈ నిబంధన వర్తించింది.

అయితే అన్ని దేశాల అనుభవమూ ఒక్క తీరున లేదు. ఆస్ట్రియా 2005లో పగటి పూట దీపాలు వేయడాన్ని తప్పనిసరి చేసి, 2008 జనవరిలో ఆ ఆదేశాన్ని ఉపసంహరించుకున్నది. అమెరికా జాతీయ రహదారి రవాణా భద్రతా సంస్థ 2008లో వెలువరించిన అధ్యయనంలో, పరిశీలించిన ప్రమాదాలపై ఈ దీపాల ప్రభావం మొత్తం మీద గణాంకపరంగా చెప్పుకోదగినంతగా కనిపించలేదు. నడినెత్తిన సూర్యుడు ఉండే మన ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం వీటి ప్రయోజనం స్వల్పమే కావచ్చు. కాని పొగమంచు కమ్మిన ఉదయాన, కుండపోత వానలో, చెట్ల నీడలు పరుచుకున్న రెండు వరుసల రహదారిపై ముందున్న వాహనాన్ని దాటవలసిన వేళలో ఎదుటి కారు ఒక్క క్షణం ముందుగా కనబడడం చిన్న విషయం కాదు.

మన దేశం ఈ విషయంలో ముందుగా ద్విచక్ర వాహనాలపై దృష్టి సారించింది. ఇంజను నడుస్తున్నంతసేపు హెడ్‌లైటు వెలిగే ఏర్పాటు 2017 ఏప్రిల్ 1 నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు తప్పనిసరి అయింది. కారణం స్పష్టమే. 2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించగా, వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనాలపై ప్రయాణిస్తున్నవారే. పరిమాణంలో చిన్నదైన మోటారు సైకిలుకు దీపమే గుర్తింపు. కార్లన్నీ మోతాదుకు మించిన కాంతితో ముందుకు వస్తే వాటి నడుమ ఆ ఒక్క దీపం మరుగున పడిపోతుంది. ఇక దీపమే లేని సైకిలిస్టు, పాదచారి మాట చెప్పనక్కరలేదు. ఐరోపాలో ఈ దీపాలపై జరిగిన చర్చలోనూ ఇదే ప్రధాన అభ్యంతరంగా నిలిచింది.

ద్విచక్ర వాహనాల ఆదేశం కార్లకు వర్తించదు. అంతమాత్రాన కారు యజమాని ఇష్టం వచ్చిన దీపం పెట్టుకోవచ్చునని కాదు. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 106వ నిబంధన, దీపానికి ఎనిమిది మీటర్ల దూరంలో, నేల నుంచి ఒకటిన్నర మీటరు ఎత్తులో కన్ను ఉన్న వ్యక్తికి మిరుమిట్లు గొలపరాదని చెబుతున్నది. ముందు వైపు ఎర్రని కాంతిని 108వ నిబంధన, అనుమతి లేని స్పాట్ లైట్లను 111వ నిబంధన నిషేధిస్తున్నాయి. తయారీదారు ఇచ్చిన, రిజిస్ట్రేషన్ ధ్రువపత్రంలో నమోదైన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని చట్టంలోని 52వ సెక్షనును అన్వయిస్తూ సుప్రీంకోర్టు 2019 జనవరిలో తీర్పు చెప్పింది. అదే ఏడాది సవరణతో చేరిన 182ఏ సెక్షను, అనుమతి లేని ఒక్కొక్క మార్పునకు రూ.5,000 జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించేందుకు వీలు కల్పించింది. తెల్లని చిన్న దీపానికీ, రంగులు మారుస్తూ పరుగెత్తే పట్టీకీ ఒకే కొలబద్ద వాడడం సమంజసం కాదు గాని, రెండో దానికి సమర్థన దొరకడం కష్టం.

ఇక బిగించే పద్ధతి. ఎల్ఈడీ పగటి దీపాలు వాడుకునే విద్యుత్తు 55 వాట్ల హెడ్‌లైటు బల్బుతో పోలిస్తే చాలా తక్కువ. కావున బ్యాటరీపై భారమన్న భయం అక్కరలేదు. భయపడవలసింది వైరింగు విషయంలోనే. తీగను నేరుగా బ్యాటరీకి కలిపితే బండి ఆపిన తర్వాత కూడా దీపం వెలుగుతూనే ఉంటుంది. ఇగ్నిషన్ వేసినప్పుడు మాత్రమే విద్యుత్తు అందే తీగ నుంచి, విడిగా ఫ్యూజు పెట్టి, హెడ్‌లైటు వేయగానే ఆర్పే రిలే ద్వారా కలపడం సరైన పద్ధతి. కంపెనీ తీగల తొడుగును కోసి అతుకు వేసి టేపు చుట్టే అలవాటు వానాకాలంలో షార్టు సర్క్యూట్లకు దారితీస్తుంది. వారంటీ విషయంలోనూ చిక్కులు తెస్తుంది.

పెద్దగా చర్చకు రాని ప్రమాదం మరొకటి ఉంది. పగటి దీపాలు చాలా కార్లలో ముందు వైపు మాత్రమే వెలుగుతాయి. చీకటి పడే వేళ ముందు వెలుతురు, డ్యాష్‌బోర్డుపై కాంతి చూసి చోదకుడు హెడ్‌లైట్లు వేశాననే అనుకుంటాడు. వెనుక దీపాలు మాత్రం ఆరిపోయే ఉంటాయి. వెనుక నుంచి వచ్చే లారీకి ఆ కారు కనబడదు. కెనడా ఈ ఇబ్బందిని గుర్తించి, పగటి దీపాలతో పాటు వెనుక దీపాలు వెలగడం, లేదా చీకట్లో దీపాలన్నీ వాటంతటవే వెలగడం, లేదా దీపాలు వేసేవరకు డ్యాష్‌బోర్డు చీకటిగా ఉండడం అనే మూడింటిలో ఒకటి ఉండాలని 2021 సెప్టెంబరు నుంచి కొత్త వాహనాలకు నిర్దేశించింది. దుకాణాల్లో బిగించే పట్టీలకు ఇటువంటి ఏర్పాటు సాధారణంగా ఉండదు.

రవాణా వాహనాలు ఫిట్‌నెస్ పరీక్షకు క్రమం తప్పక రావలసి ఉంటుంది. సొంత కారు రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు. ఆ మధ్యకాలంలో చేసిన మార్పులు రోడ్డుపై తనిఖీలో తప్ప అధికారుల దృష్టికి రావు. అక్కడ క్యాండెలాలు కొలవడం సులభం కాదు. అయినా రంగు తెలుపా కాదా, దీపం మిణుకుతున్నదా, హెడ్‌లైటు వేస్తే ఆరుతున్నదా, వెనుక దీపాలు పనిచేస్తున్నాయా అన్నవి ఏ పరికరమూ లేకుండా నిమిషంలో తేల్చగలిగినవే.