గుడ్డ మనదే, కష్టం ఆమెది

"గుడ్డ మేమే ఇస్తున్నాం కదమ్మా, రెండు కుట్లకు అంతెందుకు?" చేతిసంచులు కుట్టే ఏ మహిళను అడిగినా ఈ మాట ఎన్నిసార్లు విన్నదో చెబుతుంది. అడిగేవాళ్లు చెడ్డవాళ్లు కారు. ఆ పనిలో ఏముందో వాళ్లకు తెలియదు, అంతే. కానీ ఆ తెలియనితనం ఒకరి కూలికి గండి కొడుతోంది.

మన గుడ్డ ఇచ్చి మనకు కావలసిన కొలతలో సంచి కుట్టించుకోవడం మంచి అలవాటు. అమ్మ పెళ్లినాటి ధర్మవరం చీర, నాన్న కట్టుకున్న పంచె, పిల్లవాడికి పొట్టయిన జీన్స్, ఏ గృహప్రవేశంలోనో పెట్టగా కుట్టించుకోకుండా ఉండిపోయిన జాకెట్టు గుడ్డలు బీరువా అడుగున పడి ఉంటాయి. లేదంటే స్టీలు సామాన్లవాళ్ల మూటలోకో, జరీ కోసం పాత పట్టుచీరలు కొనేవాళ్ల చేతికో వెళ్లిపోతాయి. మన అమ్మమ్మలు పాత చీరలను బొంతలుగా కుట్టి మరో పదేళ్లు వాడేవారు. బొంతలు కుట్టే ఇళ్లు తగ్గిపోయాయి. ఆ చీర ఇప్పుడు భుజానికి తగిలించుకునే సంచి అవుతోందంటే నాకు నిజంగా సంతోషం.

అయితే కొత్త గుడ్డతో కుట్టడం వేరు, మనిచ్చిన గుడ్డతో కుట్టడం వేరు. కొత్త గుడ్డలో కత్తెర పక్కకు పోతే ఇంకో అరమీటరు కొనుక్కొస్తారు. అమ్మ చీర కొంగు తప్పుగా కోస్తే ఏ దుకాణానికి వెళ్లాలి? ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉన్న పట్టు ఆ మడత దగ్గరే చీలుతుంది. పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది. వెలుతురుకు ఎత్తి చూస్తే పోగులు తెగిన చోట్లు సన్నని గీతల్లా కనబడతాయి. అలాంటి చోట్లను తప్పించి కోయాలి, వెనక ఫ్యూజింగ్ వేసి ఇస్త్రీతో అంటించాలి. వేడి ఎక్కువైతే ప్లాస్టిక్ జరీ ముడుచుకుపోతుంది. తక్కువైతే ఫ్యూజింగ్ అంటుకోదు. పట్టుకు సన్నని 11 నంబరు సూది వాడిన చేయే జీన్స్ మడతల దగ్గరికి వచ్చేసరికి 16 గానీ 18 గానీ మార్చుకోవాలి.

కలంకారీ గుడ్డ తీసుకుందాం. దాని మీద నెమళ్లన్నీ ఒకే వైపు తలెత్తి ఉన్నాయనుకోండి. గుడ్డను మధ్యకు మడిచి రెండు పక్కలా కుట్టేస్తే సంచికి ఒకవైపు నెమళ్లు తలకిందులవుతాయి. అందుకని రెండు ముక్కలుగా కోసి, అడుగున అతుకు వేయాలి. ఆ అతుకుకు గుడ్డ పోతుంది, సమయం పడుతుంది. ఆ గుడ్డను ముందే ఉతక్కపోతే మొదటి ఉతుకులోనే రంగు లైనింగుకు అంటుతుంది. పై గుడ్డ ఒకలా, లైనింగు మరోలా కుంచించుకుపోతే సంచి ముడతలు పడిపోతుంది. ఇక పట్టీలు. సంచి ముందుగా తెగేది అక్కడే. పాత చీర గుడ్డతో పట్టీ వేస్తే రెండు కిలోల కూరగాయల బరువుకే కుట్టు వెంట చిరుగుతుంది. లోపల నవారు పెట్టి, అతుకు దగ్గర చదరంగా కుట్టి, దానిమీద అడ్డంగా ఇంటూ గుర్తు వేసి కుడితేనే ఆగుతుంది.

ఇంత పనికి మనం బజారు సంచి ధరతో పోల్చి బేరమాడతాం. బజారు సంచికి గుడ్డను పొరల మీద పొరలు పేర్చి ఒకేసారి కోస్తారు. ఈమె ఒక్కొక్కటీ కొలిచి, గీసి, కోయాలి. లైనింగు, కాన్వాసు, జిప్పు, రన్నరు, నవారు, దారం, కరెంటు, అన్నీ ఆమె డబ్బే. పెళ్లికి రెండువందల తాంబూలం సంచులు ఒకే గుడ్డతో, ఒకే కొలతతో కుట్టించినప్పుడు ఒక్కోదానికి కూలి తగ్గించమనడంలో న్యాయముంది. అమ్మ చీరతో ఒక్క సంచి కుట్టించేటప్పుడు ఆ లెక్క చెల్లదు.

ప్లాస్టిక్ క్యారీబ్యాగుల మందం కనీసం 75 మైక్రాన్లు ఉండాలన్న నిబంధన 2021 సెప్టెంబర్ 30న అమల్లోకి వచ్చింది. 2022 డిసెంబర్ 31 నుంచి దాన్ని 120 మైక్రాన్లకు పెంచారు. గుడ్డసంచి మళ్లీ చేతికి రావాలన్నది అందరి కోరికే. దాన్ని కుట్టే మనిషి బతుకు సంగతి మాత్రం ఎవరూ పెద్దగా ఎత్తరు. 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో దర్జీ పని ఒకటి. శిక్షణ రోజుల్లో రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, ఆ తర్వాత రెండు లక్షల వరకూ అప్పు ఇస్తారు. అర్హత ఉన్నవాళ్లు తప్పక వాడుకోవాలి. కానీ అప్పుతో కొన్న మిషను మీద కుట్టిన సంచికి సరైన కూలి రాకపోతే వాయిదా ఎక్కడినుంచి కడుతుంది?

కుట్టే అక్కచెల్లెళ్లకూ ఒక మాట. గుడ్డ తీసుకునేటప్పుడే పరిచి, ఎక్కడ బలహీనంగా ఉందో చూపించండి. ఎక్కడ కోస్తారో సుద్దతో గీసి ఒప్పించుకోండి. కూలి, గడువు కాగితం మీద రాసి ఇవ్వండి. మిగిలిన ముక్కలు, చిన్నవైనా సరే, తిరిగి ఇచ్చేయండి. నిలవని గుడ్డయితే కుట్టనని చెప్పడానికి మొహమాటపడకండి.

ఇక మనం. గుడ్డ ఉతికి, ఆరబెట్టి ఇద్దాం. జిప్పు, లైనింగు కొనుక్కోవడానికి సగం డబ్బు ముందే చేతిలో పెడదాం. పెళ్లిళ్ల రోజుల్లో రేపటికల్లా కావాలని మీద పడొద్దు. ఆమె చెప్పిన కూలి ఎక్కువనిపిస్తే, బేరమాడే ముందు ఆ సంచిని ఒక్కసారి లోపలివైపుకి తిప్పి కుట్లు చూడండి.