తొమ్మిది ప్రశ్నల కాగితము

మన పిల్లలకు కంటిపరీక్ష చేయుదురు, పంటిపరీక్ష చేయుదురు, ఎత్తును బరువును కొలిచి పుస్తకమున వ్రాయుదురు. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము ఈ పరీక్షలను పల్లెబడులకు సయితము తెచ్చినది. మనస్సు మాట యేమి? "పిల్లలకు దిగులేమిటి, తిని ఆడుకొను వయస్సు గదా" యని ఇంటను బడిలోను ఇప్పటికిని అనుచునే యున్నారు. బెంగుళూరు నిమ్‌హాన్సు సంస్థవారు 2015-16లో జరిపిన జాతీయ మానసికారోగ్య సర్వేలో, 13 మొదలు 17 ఏండ్లవారిలో నూటికి ఏడుగురికి పైగా ఏదో యొక మానసిక రుగ్మత యున్నట్లు తేలెను. ఆ లెక్కను నలువదిమంది గల తరగతిలో సుమారు ముగ్గురు.

కావున కుంగుబాటును, అనగా వైద్యులు డిప్రెషను అను వ్యాధిని, కనిపెట్టుటకు బడిలోనే పిల్లలను పరీక్షింపవలెనను వాదము మాకు సమ్మతమే. అయితే ఒక నిబంధన గలదు. దానిని మేము ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో నేర్వలేదు.

కొన్ని యేండ్ల క్రిందట తొమ్మిది, పది తరగతులవారికి తొమ్మిది ప్రశ్నల కాగితము పంచితిమి. వైద్యలోకమున పేరుపొందిన కాగితమే. గడచిన రెండు వారములలో నిద్ర యెట్లున్నది, ఆకలి యెట్లున్నది, దేనియందైన ఆసక్తి యున్నదా, తాను పనికిరానివాడనని తోచుచున్నదా యని యడుగును. ఒక్కొక్కదానికి సున్న మొదలు మూడు మార్కులు, మొత్తము 27. పదియో అంతకు మించియో వచ్చినచో వైద్యుడు చూడవలెనని యర్థము, రోగమున్నదని కాదు. తుది ప్రశ్న ప్రాణముపై విరక్తిని గూర్చినది.

వ్రాయించితిమి, కట్టగట్టి బీరువాలో పెట్టితిమి. అంతలో అర్ధసంవత్సర పరీక్షలు వచ్చెను. పదునొకండు దినములకు తీసి చూడగా, ఒక బాలుని కాగితమున తుది ప్రశ్నకెదుట "దాదాపు ప్రతిదినము" అను చోట గుర్తు పెట్టబడి యుండెను. వాడు అల్లరి యెరుగడు, చెప్పిన లెక్క చేసి యూరకుండును. బుద్ధిమంతుడని మేము మెచ్చుకొనుచుంటిమి! పిలిచి దగ్గర కూర్చుండబెట్టుకొనగా, "సదివి ఊకున్నరనుకున్న సార్" అనెను. వాడు నేడు క్షేమముగనే యున్నాడు. అందు మా ప్రయోజకత్వ మేమియు లేదు.

2018లో మన రాష్ట్రమున కంటివెలుగు పథకమువారు కండ్లు చూచి ఊరకుండక అద్దములును ఇచ్చిరి. అద్దములులేని కంటిపరీక్ష యెవరికి గావలెను? 2016లో అమెరికా దేశపు నివారణవైద్య నిపుణుల సంఘము సయితము 12 మొదలు 18 ఏండ్లవారిని కుంగుబాటుకై పరీక్షింపుడని చెప్పుచునే, రోగనిర్ణయమునకును చికిత్సకును తరువాతి పరామర్శకును తగిన ఏర్పాట్లు ఉండవలెనని చేర్చినది.

మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమలో ఈ యేర్పాటు మరింత చిక్కైనది. తలిదండ్రులు కూలికై హైదరాబాదునకో బొంబాయికో పూనాకో పోయి నెలలకొలది రాని యిండ్లు గలవు. పిల్లలు అవ్వతాతలయొద్దనో వసతిగృహములలోనో యుందురు. పిల్లవానిని వైద్యునికి చూపుడని ఎవరితో చెప్పవలెను? అవ్వతో చెప్పిన తాయెత్తు కట్టించును. ఆమెను తప్పుపట్టము, ఆమె యెరిగిన వైద్యమది. ఇక గద్వాల ప్రాంతపు సీడుపత్తి చేలలో క్రాసింగు పని సాగు దినములలో బడికి రాని పిల్లలున్నారు. కాగితము పంచిననాడు బడిలో లేనివారే ముందుగా నడుగదగినవారు!

2025 జూలైలో సుప్రీముకోర్టు, నూరుగురు గాని అంతకెక్కువ గాని విద్యార్థులుగల ప్రతి విద్యాసంస్థయు శిక్షణ పొందిన సలహాదారు నొకరినైన నియమింపవలెనని ఆదేశించినది. వనపర్తి, నాగర్‌కర్నూలులలో 2022లోను గద్వాలలో 2024లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు వచ్చినవి. బడినుండి అచ్చటికి దారి వేయుట మన పని. ఏ వైద్యుడు ఏ వారమున చూచునో, వెంట నెవరు పోవుదురో, బస్సు చార్జీ యెవరు పెట్టుకొందురో కాగితము పంచుటకు ముందే వ్రాసి పెట్టుకొనవలెను. 14416 అను టెలిమానస్ నంబరును పిల్లలందరిచే పుస్తకమున వ్రాయింపవలెను. అందు రేయింబవళ్లు రుసుములేక తెలుగుననే మాటలాడవచ్చును. ఒకరి మార్కులు మరియొకరికి తెలియరాదు. "డిప్రెషను పిల్ల" యని తోడివారు పిలుచుట మేము విన్నాము.

ఈ యేడు ఒక్క తరగతికే పంచదలచితిమి. మొదటి పీరియడులో వ్రాయించి, భోజనపు గంటకు ముందే ఇద్దరము చదువుదుము. అన్ని తరగతులకు ఏల పంచరాదని మిత్రు లడిగిరి. ఒక్క దినములో చదివి, అవసరమైనవారిని ఆ సాయంకాలములోగా పిలిచి మాటలాడుట ముప్పదియైదుగురి వరకే మాకు సాధ్యము.