కార్బన్ కాదు, రబ్బరు పాలు

మలేషియాలో గెంటింగ్ హైలాండ్స్ ఘాట్‌రోడ్డెక్కే ఇటలీ సైకిలు కోల్నాగోనో పినరెల్లోనో చూసి అందరూ మెచ్చుకునేది కార్బన్ ఫ్రేమునే. ఆ బండి నేలను తాకేది మాత్రం రెండు చోట్ల, బొటనవేలి ముద్ర కన్నా కాస్త పెద్ద జాగాలో, రబ్బరుతో. పందెం సైకిలు 6.8 కిలోలకు తగ్గకూడదని అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య నియమం. మామూలు మంచి సైకిలు 8.3 అనుకుందాం. 75 కిలోల మనిషి ఎక్కాక ఆ కిలోన్నర తేడా మొత్తం బరువులో రెండు శాతం కూడా కాదు, గంట ఎక్కుడులో మిగిలేది సుమారు ఒక నిమిషం. ఫ్రేము బిగువుగా లేకపోతే తొక్కిన బలం వృథా కాదా అంటారు. కొంత నిజమే, కానీ మలేషియా వానలో దిగుడు మలుపు తిరిగేటప్పుడు ఆ బిగువు పట్టు ఇవ్వదు, టైరు ఇస్తుంది. రబ్బరు ఎవరి సైకిలుకైనా ఉంటుందిగా, ఇందులో ఇటలీ గొప్పేముందంటే, నేననేదీ అదే. వందేళ్ల కిందట ఉత్తరాంధ్ర నుంచి మలయా (ఈనాటి మలేషియా) రబ్బరు ఎస్టేట్లకు వెళ్లినవాళ్లు, తెల్లవారకముందే బెరడుకు ఏటవాలు గాటు పెట్టి, చిన్న గిన్నెలో పట్టిన రబ్బరు పాల వంటివే ఈనాటి టైర్ల లోపలి లేటెక్స్ ట్యూబుకు ముడిసరుకు. మామూలుగా వాడే బ్యూటైల్ (కృత్రిమ రబ్బరు) ట్యూబు కన్నా ఇది బాగా సాగుతుంది, దొర్లేటప్పుడు తక్కువ శక్తి తింటుంది, ధరా ఫ్రేము ముందు చిల్లరే. (అందుకేనేమో దాన్ని ఫొటో తీసి పెట్టేవాళ్లు లేరు.) ఒక్కటే పేచీ: గాలి రాత్రికి రాత్రే కొంత జారిపోతుంది, పొద్దున్నే పంపు అందుకోవాలి.