తోక తెగినంతమాత్రమున ఆవు పనికిరానిదగునా?

సిద్దిపేట ప్రాంతపు అంగళ్ళలో ఆవునుగాని బర్రెనుగాని కొనునపుడు రైతులు పండ్లు, పొదుగు, సుడులు చూచి, పిమ్మట తోకను చూతురు. కుచ్చు లేకున్నను, తోక వంకరగా నున్నను బేరము తగ్గును. మొండితోక అశుభమని కొందరు, ఆ లోపము దూడలకును వచ్చునని కొందరు భయపడుదురు. సకాలమున ఎదకు వచ్చి, చూలు కట్టి, కడివెడు పాలిచ్చు పశువును ఈ భయముతో అమ్ముకొనిన రైతు తన చేతులారా నష్టము తెచ్చుకొన్నట్లే. తోకను చూచుట మంచిదే. కాని అందు ఏమి చూడవలెనో తెలిసి చూడవలెను.

గాయము వంశమునకు దిగదు. 19వ శతాబ్దపు చివర ఆగస్ట్ వైస్‌మన్ అను జర్మను శాస్త్రజ్ఞుడు చిట్టెలుకల తోకలను తరతరములుగా కోసి చూచెను. వందలకొలది పిల్లలు పుట్టినను తోక లేని పిల్ల ఒక్కటియు పుట్టలేదు. కనుక తలుపు సందున పడియో, కుక్క కరచియో తోక పోయిన ఆవు దూడకు నిండు తోకయే యుండును. పుట్టుకతో వచ్చిన వంకర సంగతి వేరు. అది వంశపారంపర్యము కావచ్చును. అట్టి కోడెను ఆంబోతుగా విడువకుండుటయే మేలు.

పునరుత్పత్తికి ముఖ్యమైనది తోక కొన కాదు, తోక మొదలు. మూత్రమును, పేడను విసర్జింపజేయు నరములు ఆ సమీపముననే యున్నవి. బరువైన ఆంబోతు దాటినప్పుడు, ఎదలోనున్న ఆవుపై తోటి పశువులు ఎక్కినప్పుడు, కష్టపు ఈతలోను అచ్చట దెబ్బ తగులవచ్చును. తోకను మెల్లగా ఎత్తి చూడుడు. ఆరోగ్యముగానున్న ఆవు తోకను బిగబట్టును. తోక త్రాడువలె వ్రేలాడుచు, పేడయు మూత్రమును వెనుక భాగమున అంటుకొనియున్న యెడల నరములకు దెబ్బ తగిలినదని అనుమానింపవలెను. ఆ మాలిన్యము గర్భకోశమునకు చేటు తెచ్చును. అట్టి ఆవును పశువైద్యునకు చూపక దాటించుటగాని, కృత్రిమ గర్భధారణ చేయించుటగాని తగదు.

తోక విరుగుటకు పెక్కుసార్లు మన చేతులే కారణము. పశువు కదలనిచో తోకను మెలివేయుట మనకు అలవాటైనది. తోక కొనవైపు ఎముకలు సన్ననివి. మెలిపెట్టిన కీలు తప్పును, లేదా విరుగును. తోకను పట్టుకొనవలసి వచ్చినచో మొదలు దగ్గర పట్టి, మెలి పెట్టక, మెల్లగా ఎత్తవలెను. పశువునకు అనవసరపు బాధ కలిగించుట 1960 నాటి జంతుహింస నివారణ చట్టము ప్రకారము నేరమని కూడ గుర్తుంచుకొనవలెను. పాకలో పశువులను ఇరుకుగా కట్టినచో పండుకొన్న పశువు తోకను ప్రక్క పశువు త్రొక్కును. కావున చోటు చాలినంత విడువవలెను.

గాయమైన వెంటనే శుభ్రమైన నీటితో కడిగి, ఈగలు వ్రాలకుండ గాయము చుట్టును వేపనూనె రాయవచ్చును. పేడ, మట్టి, బూడిద అద్దరాదు. వానివలన ధనుర్వాతము రావచ్చును. గుడ్డతో బిగించి కట్టిన రక్తము ఆడక క్రింది భాగము కుళ్ళును. కుళ్ళిన తోకను ఇంటి కత్తితో కోయరాదు. ఆ పని మత్తుమందిచ్చి పశువైద్యుడే చేయవలెను. 1962 సంఖ్యకు ఫోను చేసి సంచార పశువైద్య వాహనమును కోరవచ్చును. ఏ దెబ్బయు లేక తోక కొన, చెవులు, గిట్టల పై భాగము నల్లబడి కుళ్ళుచున్నచో బూజు పట్టిన వరిగడ్డిని అనుమానించి, మేత మార్చి, వైద్యునకు చూపవలెను.

పంచాయతీ కార్యదర్శులకు, గోపాలమిత్రలకు ఒక మనవి. గ్రామమున అందరికిని అందుబాటులో ఒక గట్టి బోనును నిలుపుడు. బోనులో నిలిచిన పశువునకు సూది వేయుట, గర్భధారణ చేయుట, చూలు పరీక్షించుట సులభము. తోక మెలివేయవలసిన పనియే యుండదు. నాలుగు కర్రలు పాతి, అడ్డకర్రలు బిగించినను బోను సిద్ధమగును. తోక విరిగిన ఆవును నిందించుటకు ముందు, విరుగకుండ కాపాడుట మన వంతు.